ఎంగిలి వత్తులు

మా భజన మందిరంలో అయిదేళ్ళు నిండని పిల్లలు చాప మీద కూర్చోకూడదన్నది పెద్దమ్మ పెట్టిన నియమం. ఆమె నాకు చుట్టం కాదు. జహీరాబాద్‌లో మా కాలనీ పక్కన ఆ మందిరం కట్టిన స్థలం ఆమె మామగారు ఇచ్చింది. ఆ కుటుంబానికి కోహీర్ వైపు అల్లం తోటలూ, చెరకూ ఉన్నాయి. ఊరంతా ఆమెను పెద్దమ్మ అంటుంది కాబట్టి నేనూ అన్నాను. అభిమానంతో అనలేదు. ఆమెకు నేను నచ్చలేదు, నాకు ఆమె నచ్చలేదు. మొదటి ఆదివారమే ఆ సంగతి ఇద్దరికీ తెలిసిపోయింది.

మా ఆయనకు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని. గోదావరి వైపు నుంచి వచ్చాం. పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్న ఆస్తి ఒక్కటే, పారాయణం. నా ఆరో ఏట నుంచి నాన్న నన్ను పారాయణ సంఘానికి తీసుకెళ్ళేవారు. తొమ్మిదేళ్ళకు అధ్యాయాలు చూడకుండా చెప్పేదాన్ని. తప్పు పలికితే పెద్దలు అందరి ముందూ ఆపి సరిదిద్దేవారు. అందులో నాకెప్పుడూ అవమానం కనిపించలేదు. దేవుడి మాట పలికితే సరిగ్గా పలకాలి, లేకపోతే ఊరుకోవాలి. ఇక్కడ ఆదివారం పొద్దున పిల్లలకు శ్లోకాలు నేర్పేవాళ్ళు లేరని విని, నేనే వెళ్ళి ఆ పని అడిగి తీసుకున్నాను.

మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. అమ్మాయికి రెండేళ్ళు నిండి నాలుగు నెలలు. దానికి అన్న చేసేదల్లా కావాలి. వాడు బాసిపట్టు వేసుకుంటే అది ఒక కాలు మడిచి, రెండో కాలు మడతపడక వెనక్కి దొర్లిపోయేది. వాడు నోటు పుస్తకం తెరిస్తే పాత డైరీ తెచ్చుకుని తలకిందులుగా పెట్టుకునేది. వాడు వేలు నాలుకకు అద్దుకుని పేజీ తిప్పితే, అదీ వేలు నాలుకకు అద్దుకుని తిప్పేది. వాడు కళ్ళు మూసుకుని శ్లోకం వల్లిస్తే, అది ఒక కన్ను మూసి, రెండో కంటితో వాడు మూశాడో లేదో చూసుకునేది.

అట్లాంటి పిల్లను చెప్పుల దగ్గర నిలబెట్టి లోపల నేను పాఠం చెప్పాలట. మా ఆయనకు ఆదివారం డ్యూటీ పడితే దాన్ని చూసుకునేవాళ్ళు లేరు. రెండు వారాలు గ్రిల్లు పట్టుకుని ఏడ్చింది. మూడో వారం దూరి లోపలికొచ్చి అన్న చేతిలో పుస్తకం లాగింది. పేజీ చిరిగింది.

ముందు వరుసలో కుర్చీలో కూర్చున్న పెద్దమ్మ నా వైపు తిరగకుండా అంది, "పాలు తాగే పోరగాండ్లను గుడికి తెస్తరు. మొన్న ఒకామె పిల్ల గిట్లనే చాప తడిపింది. హారతి ఆగింది. మల్ల కడుగుడు, మల్ల మొదటికెల్లి. మీ ఆంధ్రల చిన్నపిల్లలు ఉచ్చ పొయ్యరా ఏంది?"

"పోస్తారు పెద్దమ్మగారూ. మీ పిల్లలు పుట్టగానే కుర్చీలో కూర్చున్నారేమో."

వెనక ఎవరో నవ్వి, వెంటనే ఆపుకున్నారు. ఆ నవ్వు ఆమె మరిచిపోలేదు.

"నా కూతురు బయట ఉంటే నేనూ బయటే ఉంటాను," అన్నాను.

"బెదిరిస్తున్నవా?"

"చెబుతున్నాను."

శ్లోకాలు చెప్పడానికి నేను తప్ప మనిషి లేదు. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. "మూలకు వేరే చాప ఏస్కో. ఒక్క తడి సుక్క పడ్డదా, ఆ చాప సుట్టి నీ నెత్తిన పెట్టి తోల్త," అంది.

అట్లా చిన్నచాప వచ్చింది. వారం తిరిగేసరికి దాని మీద ఆరుగురు చేరారు. అన్నల వెనక, అక్కల వెనక వచ్చి ఇన్నాళ్ళూ బయట ఏడ్చినవాళ్ళే.

మొదటి ఆదివారం బొమ్మలు తెచ్చి పోశాను. పదినిమిషాలు కూడా ఆగలేదు. ప్లాస్టిక్ రింగు ఒకటి ఎగిరి మా అబ్బాయి నెత్తిన పడింది. ఈ వయసు పిల్లకు ఆట ఇచ్చి ఏమార్చలేమని ఆ రోజు అర్థమైంది. దానికి కావలసింది అన్న చేస్తున్న పని. ఆ పనిలో చేతికి అందే ముక్క ఒకటి విరిచి ఇవ్వాలి. ఉత్తుత్తి ముక్క ఇస్తే కనిపెట్టేస్తుంది.

పాత క్యాలెండరు కాగితాలు కత్తిరించి తలా ఒక పుస్తకం కుట్టాను. పేజీకో బొమ్మ గీశాను. దీపం, గంట, శంఖం, మారేడు ఆకు. పెద్దపిల్లలు పేజీ తిప్పినప్పుడు వీళ్ళూ తిప్పాలి. రెండు చిన్న ఇత్తడి గ్లాసులు, ఒకదాంట్లో పసుపు కలిపిన బియ్యం. శ్లోకం నడుస్తున్నంతసేపూ ఒక గ్లాసులోంచి ఇంకోదాంట్లోకి పోయాలి, శ్లోకం ఆగగానే ఆపాలి. ఆపడం నేర్పడానికే నాకు రెండు వారాలు పట్టింది. ఆ ఆపడం వచ్చాక, మాట రానివాళ్ళకు కూడా శ్లోకం ఎక్కడ ముగుస్తుందో చెవికి తెలిసిపోయింది. బంతిపూలు పసుపువి ఒక బుట్టలో, నారింజవి ఇంకో బుట్టలో. పసుపు కొమ్ములు పొడుగువి ఇటు, పొట్టివి అటు. చివర్లో గంట. వారానికొకరు కొట్టాలి, మిగతావాళ్ళు తమ వారం కోసం చూడాలి. గంట చేతికొచ్చిన రోజు మా అమ్మాయి దాన్ని కొట్టడం మరిచి చూస్తూ కూర్చుంది.

ఇంతమంది పిల్లలు అరగంట ఏడవకుండా కూర్చోవడం చూసి పెద్దమ్మ మెచ్చుకోలేదు. "ఆ బియ్యం కింద పడ్డయి," అంది.

కార్తీకం ఇంకో నెలలో వస్తుందనగా వత్తుల పని మొదలైంది. పెద్దపిల్లలు పాఠం అయ్యాక దూదితో పువ్వొత్తులు చేస్తారు. కాస్త దూది తీసి, అడుగున గుండ్రంగా ఉంచి, పైన మొన వచ్చేలా రెండు వేళ్ళతో మెలిపెట్టాలి. చిన్నవాళ్ళకూ అదే కావాలని గొడవ చేశారు. ఇచ్చాను.

పెద్దమ్మ కుర్చీలోంచే చూసింది. "ఒత్తులకు ఇబుతి పెట్టలే? పొడి చేత్తోని దూది నిలుస్తదా?"

విభూతి వేళ్ళకు రాసుకుంటే దూది జారదు. కొందరు పాలు అద్దుకుంటారు. అది నాకూ తెలుసు. పెద్దపిల్లల దగ్గర విభూతి పళ్ళెం ఉంది.

"చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారండీ," అన్నాను.

"పెట్టుకుంటే ఏమైతది, ఇబుతే గద. లేకుంటె గిన్నెల పాలు పెట్టు."

"ఒలకబోస్తారు."

"నీ ఇష్టం. సదువుకున్నదానివి."

నేను చెప్పిన కారణాలు రెండూ నిజమే. కానీ ఆ మాట ఇంకెవరు చెప్పినా పక్కనున్న పళ్ళెంలోంచి చిటికెడు తీసి పెట్టేదాన్ని. చెప్పింది ఆమె కాబట్టి పెట్టలేదు.

మొదటి రోజు వాళ్ళ వత్తులు దూది ఉండల్లా ఉన్నాయి. రెండో వారానికి మొనలు వచ్చాయి. మూడో వారానికి పెద్దపిల్లల వత్తుల కంటే సన్నగా, గట్టిగా వచ్చాయి. నాకు గర్వంగా ఉండేది. తల్లులకు చూపించాను కూడా. పెద్దమ్మ చాప దగ్గరికి వచ్చి డబ్బాలోంచి ఒకటి తీసి చూసింది. ఆమె వేళ్ళు కణుపుల దగ్గర వాచి వంకరపోయాయి. ఇంట్లో వత్తులు చేసుకోలేకపోతోందని అందరికీ తెలుసు.

"సొట్టగున్నయి," అంది. "నేను తీస్కపోత. మా దేవునర్రకు."

ఇంట్లో దేవుడి గదికని డబ్బా పట్టుకుపోయింది. తరవాతి వారం ఖాళీ డబ్బా తెచ్చి నిండింది తీసుకుపోయింది. పున్నమినాడు మందిరం మెట్ల నిండా పెట్టే దీపాలకు కూడా చిన్నచాప వత్తులే వాడాలని తల్లులతో చెప్పింది. నాతో చెప్పలేదు.

పున్నమికి ముందు రెండో ఆదివారం అది చూశాను. మా అమ్మాయి దూది తీసుకుంది. అడుగు గుండ్రంగా చేసింది. తరవాత బొటనవేలూ చూపుడువేలూ నాలుకకు అద్దుకుంది, అన్న పేజీ తిప్పేముందు అద్దుకున్నట్టే. మొన మెలిపెట్టింది. సన్నగా, గట్టిగా వచ్చింది. పక్కన కూర్చున్నవాడు తన వేళ్ళు నాకి మెలిపెట్టాడు. వాడి పక్కది మొన మొత్తం నోట్లో పెట్టి తీసింది. ఆరుగురూ అదే పని. ఎవరూ దాచుకోలేదు. పని అట్లాగే చేయాలని వాళ్ళకు తెలుసు, చేస్తున్నారు. నాలుగు వారాలుగా వాళ్ళ పక్కనే ఉన్నాను. పాఠం అయ్యాక నేను అటు తిరిగి పెద్దపిల్లల ఉచ్చారణ సరిదిద్దుతూ ఉండేదాన్ని.

ఎంగిలి వత్తి దేవుడి ముందు వెలిగించకూడదు. అది నాకు ఎవరో చెప్పిన నియమం కాదు, ఒంట్లో ఉన్న నియమం. నైవేద్యం ఉప్పు చూడకుండా వండే ఇంట్లో పెరిగాను.

అప్పుడే పెద్దమ్మ వచ్చి చెయ్యి చాపింది. "డబ్బా."

ఇచ్చాను.

ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అంటే ఆమె చిన్నచాప ఆ క్షణమే చుట్టేస్తుంది, నా కూతురు మళ్ళీ గ్రిల్లు అవతల నిలబడుతుంది. అందుకే ఇచ్చానని ఇంటికి వస్తూ నాకు నేను చెప్పుకున్నాను.

మా ఆయనతో చెబితే నవ్వాడు. "ఉమ్మి ఎప్పుడో ఆరిపోయి ఉంటుందిలే. దేవుడు పట్టించుకుంటాడా?"

"దేవుడి సంగతి నాకు తెలీదు. ఆవిడ పట్టించుకుంటుంది. పట్టించుకుంటుందని తెలిసే ఇచ్చాను."

"అయితే దేవుడికి చెప్పుకో. ఆవిడకి చెబితే నిన్ను తినేస్తుంది."

ఆ వారమంతా ఏం జరిగిందో దాచకుండా రాయాలి. సాయంత్రం హైవే మీద చెరకు లారీల చప్పుడు మొదలయ్యే వేళకు ఆమె ఇంట్లో దీపం పెడుతుంది. ఆ వేళకు నాకు ఆమె గుర్తొచ్చేది. అంత మడి, అంత పెత్తనం, ఆమె దేవుడి ముందు వెలిగేది నా కూతురి ఉమ్మి. సోమవారం అట్లా అనుకుని నవ్వాను. మంగళవారం ఆ వేళ కోసం ఎదురుచూశాను. బుధవారం నా దీపం ముందు కూర్చుంటే శ్లోకం సగంలో ఆగిపోయింది. ముప్పై ఏళ్ళలో నాకు శ్లోకం ఆగడం అదే మొదలు. ఎంగిలికి నేను భయపడలేదు, ఆ నవ్వుకు భయపడ్డాను. దేవుడి దీపాన్ని ఒక మనిషిని ఎగతాళి చేయడానికి వాడుకున్నాను.

ఆదివారం హారతి అయ్యాక, తల్లులూ పిల్లలూ అందరూ ఉండగా చెప్పాను. విడిగా చెబితే ఆమె దయ మీద ఆధారపడాలి. అది నా వల్ల కాదు.

"పెద్దమ్మగారూ, మీరు తీసుకెళ్ళిన వత్తులు ఎంగిలివి. పిల్లలు వేళ్ళు నాకి చేశారు."

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది.

"నా దేవుని ముంగట పోరగాండ్ల ఉమ్మి కాల్పిచ్చినవా?"

"కాల్పించాను. రెండు వారాలు తెలియక. ఒక వారం తెలిసి."

"తెలిసి?"

"పోయిన ఆదివారం చూశాను. చూశాకే డబ్బా మీ చేతికిచ్చాను."

"ఎందుకిచ్చినవ్?"

"చాప తీసేస్తారని."

ఒక తల్లి మెల్లగా, సర్దిచెప్పే గొంతుతో అంది, "పోనియ్యున్రి పెద్దమ్మా, చిన్నపిల్లలు. ఎంగిలి పండ్లు పెడితె దేవుడు తినలేదా..."

"ఆ కథ ఎత్తకండి," అన్నాను. అదే క్షణంలో పెద్దమ్మ కూడా, "ఆ కథ చెప్పకు. ఆ ముసలామెకు అది ఎంగిలని తెల్వదు, ప్రేమ తోటి పెట్టింది. ఈమెకు ఎర్కే. ఎరిక ఉండి ఇచ్చింది," అంది. నేను అనబోయిన మాటే అది. ఆమె నోటి నుంచి వినడం నాకు కంపరంగా ఉంది.

"నేను ఇబుతి పెట్టుమన్ననా లేదా?"

"అన్నారు."

"ఎందుకు పెట్టలే?"

"మీరు చెప్పారని పెట్టలేదు."

చిన్నచాప మీద ఒకడు బియ్యం పోస్తూనే ఉన్నాడు.

"చాప తియ్యి," అంది పెద్దమ్మ.

"తియ్యను. తప్పు నాది. నన్ను పొమ్మనండి, పోతాను. వాళ్ళను చాప మీద ఉండనివ్వండి."

"నువ్వు పోతె పెద్దపోరగాండ్లకు ఎవలు చెప్తరు?"

"మీరు చెప్పండి. మీకు రాదుగా."

ఆ మాట నేను ఎన్నాళ్ళుగానో లోపల పదును పెట్టుకున్నది. ఆమెకు చదువు రాదు. ముందు వరుసలో కూర్చుని, పిల్లలు పలికాక అర క్షణం ఆలస్యంగా పెదవులు కదుపుతుంది. కొత్త శ్లోకం వస్తే పెదవులు ఆగిపోతాయి. నేను గమనించేదాన్ని. గమనిస్తున్నానని ఆమెకు తెలియదనుకున్నాను.

"రాదు," అంది. గొంతు పెంచలేదు. "ఎవ్వలు నేర్పలే. అందుకే ప్రతి ఐతారం పొద్దుగాల తానం చేసి వొచ్చి నీ ముంగట కూసుంటున్న. నీ మొకం సూడబుద్ధి గాకున్నా కూసుంటున్న."

దేవుడి మాట సరిగ్గా పలకాలని నేర్పిన పెద్దలెవరూ, పలకలేనివాళ్ళను దాంతో కొట్టమని నేర్పలేదు. క్షమించమని అడగాలి. నోరు రాలేదు. చేతులు జోడించాను. ఆమె ఆ చేతుల వంక చూడలేదు.

"రేపు మా ఇంటికొచ్చి దేవునర్ర కడుగు. కుందులు తోము. పున్నమి దాక ఒత్తులన్నీ నువ్వే చెయ్యాలె, ఇబుతి పెట్టుకొని. చిన్నపోరగాండ్లకు దూది బంద్." చిన్నచాప వైపు చూసింది. "చాప ఉండనీ. వాండ్లు ఏం చేసిన్రు. నువ్వు చేసిన దానికి వాండ్లనెందుకు ఎల్లగొడ్త. కని నీ మీద నాకు ఇస్వాసం లేదు. ఆడ నేను కూసుంట."

సోమవారం వెళ్ళాను. దేవుడి గది నీళ్ళు పోసి కడిగాను. ఇత్తడి కుందులు చింతపండుతో రెండుసార్లు తోమాను. రెండోసారి ఆమె చూపించిన మచ్చ నిజంగానే ఉంది. తాగడానికి నీళ్ళిచ్చింది, కూర్చోమనలేదు. వెళ్తుంటే, "కొత్త శ్లోకం జర మెల్లగ చెప్పు. ఉరుకుతున్నవ్," అంది. ఆ వారం నుంచి మెల్లగా చెబుతున్నాను. పిల్లలకు కూడా అదే మంచిదని తేలింది. ఆ సంగతి ఆమెతో చెప్పలేదు.

పున్నమి దీపాలకు వత్తులు అన్నీ నేనే చేశాను. మూడో రోజుకు చూపుడువేలి చర్మం లేచింది. ఆ రాత్రి మెట్ల మీద దీపాలు వెలుగుతుంటే ఆమె ఒక చివర, నేను ఇంకో చివర నిలబడ్డాం. ఇప్పటికీ మందిరంలో అవసరానికి మించి మాట్లాడుకోం. మా మధ్య ప్రేమ పుట్టిందని ఎవరైనా అంటే అది అబద్ధం.

చిన్నచాప ఉంది. ఇప్పుడు దాని మీద ఎనిమిదిమంది. దూది బదులు పూలరేకులు లెక్కగా ఒక్కొక్కటి పళ్ళెంలో పెట్టే పని ఇచ్చాను. పెద్దమ్మ కుర్చీ ముందు వరుస వదిలి చాప పక్కకు వచ్చింది. వేలు నోటి దాకా పోయిన పిల్ల మోచేతి మీద ఆమె చెయ్యి పడుతుంది. అక్కడి నుంచి కూడా ఆమె పెదవులు మాతో పాటు కదులుతాయి. మాట రాని పిల్లలు ఆరు నెలలు పోయాక అన్నల వైపు చూడటం తగ్గించి ఆమె పెదవుల వైపు చూడటం మొదలుపెట్టారు. ఆమె మెల్లగా కదుపుతుంది కదా, వాళ్ళకు అందుతుంది.

నా కూతురు మాత్రం అంతటితో ఆగలేదు. ఇంట్లో పీట మీద కూర్చునే ముందు రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని, "అబ్బా, కీళ్ళు," అని మూలుగుతుంది. కూర్చున్నాక కొంగు లేకపోయినా భుజం మీద సర్దుకుంటుంది. మొన్న పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో అని నేను గరిటె అంచు నాలుకకు తాకించబోతే, వంటింటి గడపలో నిలబడి నా వంక అచ్చం ఆమె చూసినట్టే చూసింది.

"నోట్లె పెట్టకు," అంది. "దేవునికి పెట్టలే ఇంక."

గరిటె దించాను. ఆ పప్పులో ఉప్పు ఎక్కువైంది. అందరం అట్లాగే తిన్నాం.